నవంబరు ఏడో తేదీ కాగితం

సెప్టెంబరు 9

అక్క ఇవాళ నా గదిలోకి వచ్చేసింది. కిటికీ పక్క మంచం తనకిచ్చి నేను గోడవైపు మారాను. కాన్పు అయ్యేదాకా మంచం దిగొద్దని డాక్టరమ్మ చెప్పింది. తేదీ కూడా కాగితం మీద రాసిచ్చింది: నవంబరు 7. అమ్మ దాన్ని బీరువా తలుపుకి, అద్దం పక్కన అంటించింది. తల దువ్వుకున్నప్పుడల్లా కనపడుతోంది.

"నేను మంచం దిగకూడదు, నువ్వు పుస్తకాల్ని మంచం ఎక్కించకూడదు. సరేనా?" అంది అక్క.

సరేనన్నాను. సాయంత్రానికి నాలుగు ఎక్కాయి. అక్క వాటి మీద మంచినీళ్ళ గ్లాసు పెట్టుకుంది.

సెప్టెంబరు 10

ఆఫీసులో నెలలు పంచారు. వచ్చే ఏడాదికి మా పుస్తకాల కంపెనీ పెద్దాయన భౌతికశాస్త్రం క్యాలెండరు వేస్తున్నారు. స్కూలు ల్యాబుల గోడలకి తగిలించే చింపుడు క్యాలెండరు. రోజుకో కాగితం, కాగితానికి మూడు శీర్షికలు: పుట్టినవారు, పోయినవారు, జరిగినవి. ఏ శీర్షిక కిందా ఖాళీ వదలకూడదని పెద్దాయన నియమం. ఖాళీగా ఉంటే అచ్చు వేసేవాళ్ళకి పని రాదనుకుంటారట.

నాకు ఫిబ్రవరి వచ్చింది. ప్రూఫులు దిద్దే కామా గారికి అక్టోబరు, నవంబరు. నవంబరుకి నా ఫిబ్రవరి మార్చుకుందామని ఆవిడే అంది. మార్చుకున్నాం.

సెప్టెంబరు 12

నవంబరు 7తో మొదలుపెట్టాను. ఎక్కడో ఒకచోట మొదలుపెట్టాలి కదా.

పుట్టినవారు: 1867 మేరీ క్యూరీ. 1878 లీజా మైట్నర్. 1888 సి.వి. రామన్.

ఒక్క తేదీకి ముగ్గురు! ఇంటికి రాగానే అక్కకి చెప్పాను.

"ముగ్గురూ నా మీదే పడ్డారా? నాకు ఒక్కరు చాలే తల్లీ," అంది.

నవ్వుతూనే అంది. పొట్ట మీద చెయ్యి మాత్రం తియ్యలేదు.

సెప్టెంబరు 13

జరిగినవి కూడా దొరికాయి. 1492లో ఒక ఊరి పొలంలో ఆకాశం నుంచి పెద్ద రాయి పడింది. మళ్ళీ ఎగిరిపోతుందేమోనని చర్చిలో గొలుసులతో కట్టేశారట. 1919లో సూర్యుడి పక్కనుంచి వచ్చే నక్షత్రాల వెలుగు వంగుతుందని పేపర్లో పెద్ద అక్షరాలతో వేశారు. 1940లో కొత్తగా కట్టిన వంతెన గాలికి ఊగి ఊగి నీళ్ళలో పడిపోయింది. తెరిచి నాలుగు నెలలే. మనుషులెవరూ పోలేదు. ఒక కుక్క పోయింది.

పోయినవారు: 1872 క్లెబ్ష్. ముప్ఫై తొమ్మిదేళ్ళు. గొంతుకి వచ్చే జబ్బు.

సెప్టెంబరు 15

క్లెబ్ష్ గణితం మనిషి. ఇది భౌతికశాస్త్రం క్యాలెండరు.

సెప్టెంబరు 20

బావ వచ్చాడు. దుకాణం మూసి, మెళ్ళో టేపుతో అలాగే వచ్చేశాడు. బావ టైలర్. మనిషి కనపడితే భుజాలు చూసి అంకె చెప్పేస్తాడు. మంచం పక్కన స్టూలు మీద కూచుని చాలాసేపు అక్క పొట్ట వైపు చూశాడు.

"ఏంటలా చూస్తున్నావు? ఆది ఇవ్వలేదనా?" అంది అక్క.

"నా సర్వీసులో కొలత ఇవ్వకుండా కూచున్న పార్టీ ఇదొక్కటే," అన్నాడు బావ.

"ఇదిగో, చిన్న గుడ్డ ముక్క కూడా కుట్టావో, చెప్తున్నా."

"కుట్టలేదు. ఒట్టు."

పోయినసారి పది చొక్కాలు కుట్టాడు, పిడికిలంతవి. అవి ఎక్కడున్నాయో ఎవరూ అడగరు.

సెప్టెంబరు 21

పోయిన ఏడాది జూన్‌లో అక్కకి ఏడో నెలలోనే నొప్పులు వచ్చాయి. బాబు. నలభై నిమిషాలు ఉన్నాడు. నేను ఆసుపత్రికి వెళ్ళలేకపోయాను. ఆఫీసులో చాలా పని ఉండింది.

సెప్టెంబరు 23

ఇవాళ పొద్దుటి నుంచీ బిడ్డ కదలలేదని అక్క భయపడింది. అమ్మ చల్లటి నీళ్ళు తాగించి ఎడమవైపు పడుకోమంది. నేను ఆఫీసుకి వెళ్ళిపోయాను. పదకొండింటికి అమ్మ ఫోన్ చేసి కదిలిందని చెప్పింది. మధ్యాహ్నం దాకా పని చెయ్యలేకపోయాను. అందుకని ఆ తరవాత చాలా పని చేశాను.

సెప్టెంబరు 29

ఆదివారం. అక్కకి గసెండీ సంగతి చెప్పాను. ఇది కూడా నవంబరు 7దే, 1631. బుధగ్రహం సూర్యుడికి అడ్డంగా వెళ్తుందని కెప్లర్ లెక్కకట్టి తేదీ చెప్పాడు. చెప్పి, ఆ రోజు రాకముందే ఏడాది కిందట చనిపోయాడు. లెక్క కాస్త అటూ ఇటూ కావచ్చని గసెండీ రెండు రోజుల ముందు నుంచే చీకటి గదిలో కాగితం మీద సూర్యుడి బొమ్మ పడేలా పెట్టుకుని కూచున్నాడు. మొదటి రోజు వాన. రెండో రోజు మబ్బు. మూడో రోజు ఎండ వచ్చింది, కాగితం మీద చిన్న నల్ల చుక్క కనపడింది. ఇంత చిన్నదా, ఏదో మచ్చ అయ్యుంటుందనుకున్నాడు. అది కదిలాక గాని నమ్మలేదు.

"కదిలాక నమ్మాడా?" అంది అక్క.

"ఆఁ."

"నేనూ అంతే."

దుప్పటి పైకి లాక్కుని, "కాన్పు గది లోపలికి నాతో నువ్వు రావాలి ఈసారి," అంది.

"బావ ఉన్నాడుగా."

"మీ బావకి సూది గుచ్చుకుని చుక్క రక్తం వస్తే నేను పడుకోబెట్టి విసరాలి. ఎవరు ఎవర్ని చూసుకోవాలే అక్కడ?"

"అమ్మ?"

"అమ్మ లోపలికి రానని అప్పుడే చెప్పేసింది. నువ్వు."

నవంబరులో ప్రూఫులు ఎక్కువగా ఉంటాయన్నాను. అక్క కిటికీ వైపు తిరిగింది.

అక్టోబరు 1

నవంబరు 7 కాగితం రాసి ఇచ్చేశాను. ఏ శీర్షికా ఖాళీ లేదు.

అక్టోబరు 5

కామా గారితో ప్రూఫు చదివాను.

ఆవిడ ముప్ఫై ఏళ్ళుగా ప్రూఫులు దిద్దుతోంది. ఎక్కడ కామా రాలిపోయినా వంగి ఏరుకుంటుందని ఆ పేరు. ఆవిడకీ తెలుసు. నేను రాతప్రతిని పైకి చదవాలి, కామాలూ ఫుల్‌స్టాపులతో సహా. ఆవిడ అచ్చు కాగితం మీద పెన్సిలు నడిపించుకుంటూ వస్తుంది. నాకు గొంతు పైకి రాదు. చేరిన కొత్తలో, "అమ్మాయ్, చదువుతున్నావా, లోపల ప్రార్థన చేసుకుంటున్నావా? దేవుడికి సరే, నాక్కూడా వినిపించు," అనేది.

ఇవాళ ఏడో తేదీ కాగితం వచ్చింది.

"పోయినవారు కోలన్ 1940 కామా వంతెన మీద కారులో ఉండిపోయిన ఒక కుక్క ఫుల్‌స్టాప్," అని చదివాను.

పెన్సిలు ఆగింది.

"మళ్ళీ చదువు."

చదివాను.

"కుక్క," అంది ఆవిడ.

"అవునండి."

"ఫిజిక్సు చదువుకుందా?"

"ఖాళీ వదలకూడదు కదండి."

"కుక్క చేసిన కృషి ఏమిటో?"

"కాపాడబోయిన ప్రొఫెసరు గారిని కరిచిందండి."

"అయితే సగం అర్హత ఉన్నట్టే." ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "క్లెబ్ష్ ఏడీ?"

నేను రాతప్రతి తిరగేశాను.

"పదేళ్ళ కిందట సైన్సు డైరీ వేసినప్పుడు నేనే దిద్దాను ఆ పేరు. నాలుగుసార్లు తప్పు పడింది. అంత తేలిగ్గా మర్చిపోతాననుకున్నావా?"

"ఆయన గణితం మనిషండి."

"ఆయన కట్టిన లెక్కలు పట్టుకునే ఫిజిక్సు వాళ్ళు ఇవాళ్టికీ అణువుల్లో పని నడుపుకుంటున్నారు. నువ్వు చెప్పిందే నాకు, పోయిన నెల, టీ తాగుతూ."

చెప్పింది నేనే.

"మా అక్కకి ఆ రోజే ఇచ్చారండి తేదీ," అన్నాను.

ఆఫీసులో ఈ మాట ఎవరికీ చెప్పలేదు ఇంతవరకూ. ఆవిడ పెన్సిలు ములుకు కాసేపు చూసుకుంది.

"ఈ పెన్సిలుతో మనుషుల్ని ఉంచడం, తీసెయ్యడం కుదిరేటట్టయితే, అమ్మాయ్, పోయిన మా ఆయన్ని ఎప్పుడో మార్జిన్‌లోంచి లోపలికి లాక్కునేదాన్ని," అంది.

క్లెబ్ష్ పేరు తను రాయలేదు. మార్జిన్‌లో ప్రశ్నార్థకం పెట్టి, కాగితం నా వైపు జరిపి, ఎనిమిదో తేదీ చదవమంది.

అక్టోబరు 7

కాన్వెంటు బళ్ళో మా సిస్టర్ అనేది, డైరీలో అబద్ధం రాస్తే మోసపోయేది ఒక్కరే కాబట్టి దానికి శిక్ష కూడా ఆ ఒక్కరే వేసుకోవాలని. మోకాళ్ళ మీద నిలబడి రాయలేను. కూచునే రాస్తున్నాను.

సెప్టెంబరు 10న రాసింది తప్పు. కామా గారు నెల మార్చుకుందామనలేదు. నేనే అడిగాను. ఫిబ్రవరిలో పని తక్కువ అని ఆశపెట్టి మరీ అడిగాను.

సెప్టెంబరు 21న రాసింది కూడా తప్పు. అక్కకి నొప్పులు వచ్చిన రోజు ఆఫీసులో పని లేదు. ఆ రోజు ఆదివారం. ఆఫీసుకి తాళం వేసి ఉంది. నేను మెట్ల మీద కూచున్నాను, పొద్దున పదింటి నుంచి మూడింటి దాకా. బాబు పదకొండుంబావుకి పుట్టాడు. పన్నెండుకి ఐదు నిమిషాల ముందు దాకా ఉన్నాడు.

తేదీ జూన్ 18.

అక్టోబరు 8

ఏమీ లేదు.

అక్టోబరు 11

అక్కకి చెప్పేశాను. కాళ్ళకి నూనె రాస్తూ చెప్పాను, మొహం చూడక్కర్లేకుండా.

"తెలుసు," అంది.

నా చెయ్యి ఆగిపోయింది.

"ఆ రోజు నిన్ను తీసుకురమ్మని మీ బావని నేనే పంపాను. వాణ్ణి ఒక్కసారి చూస్తావని. ఆఫీసు సందు మొదట్లోంచే కనపడ్డావట, మెట్ల మీద, మోకాళ్ళ మీద తల పెట్టుకుని. పిలవకుండానే తిరిగొచ్చేశాడు. 'దానికి చాలా పనుంది, వాళ్ళ పెద్దాయన వదల్లేదు' అన్నాడు. ఆదివారం అన్న సంగతి కూడా మర్చిపోయాడు, పిచ్చి మనిషి. నేనూ నమ్మినట్టే ఊరుకున్నాను. ఎప్పటికో, మీ బావే ఉండబట్టలేక చెప్పాడు."

"నన్నెందుకు అడగలేదు?"

"అడిగితే ఏం చెప్తావు? పనుందంటావు."

"కోపం రాలేదా?"

"ఎందుకు రాదు? బోలెడంత వచ్చింది. ఇంకా కొంచెం ఉంది. ఆ గ్లాసు ఇటివ్వు."

ఇచ్చాను. తాగింది. తరవాత మెల్లగా అంది:

"మీ బావ ఏడుస్తూ సరిగ్గా చూడనే లేదు. అమ్మ చూడనంది. నేనొక్కదాన్నే చూశానే వాణ్ణి. మర్చిపోతున్నానేమోనని భయంగా ఉంటుంది. చెవులు ఎలా ఉన్నాయో నిన్న ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. ఎవర్ని అడగను? చూసినవాళ్ళు ఇంకొకరు ఉంటే బావుండేది. ఈసారి ఏది ఎలా జరిగినా నువ్వు చూడాలి. నాకు అంతే కావాలి."

వస్తానన్నాను.

"గట్టిగా చెప్పు."

"వస్తాను."

"ఇంకో కాలుకి రాయవా, దానికేం పాపం?"

అక్టోబరు 14

బావ దుకాణానికి వెళ్ళాను, ఎప్పుడూ వెళ్ళనిదాన్ని. మిషను మీద ఎవరిదో కోటు ఉంది. గుమ్మం దగ్గరే నిలబడ్డాను.

"గుండీ ఊడిందా?" అన్నాడు.

"లేదు."

"మరి?"

"ఆ రోజు నన్ను పిలిచి ఉండాల్సింది బావా."

మిషను చక్రం చేత్తో ఆపాడు. "పిలుద్దామనే వచ్చానమ్మా. నిన్ను చూస్తే నాకూ అక్కడే, నీ పక్కనే కూచోవాలనిపించింది. కూచుంటే లేచేవాణ్ణి కాదు. అందుకని వెళ్ళిపోయాను," అన్నాడు.

తరవాత నా జాకెట్టు చేతులు పొట్టిగా ఉన్నాయని తిట్టాడు.

అక్టోబరు 18

నవంబరు 7 కాగితం తిరిగి రాశాను. పోయినవారు: 1872 క్లెబ్ష్. కుక్కని జరిగినవాటిలోకి, వంతెన పక్కకి పంపాను.

కామా గారు ఇంకో పేచీ పెట్టింది. మైట్నర్ పుట్టినప్పుడు రిజిస్టర్లో రాసింది 17 అట. రెండు పుస్తకాలు కొట్టుకుంటే పాత కాగితం మాటే నెగ్గాలన్నది మా ఆఫీసు పద్ధతి.

"పదిహేడుకి పంపెయ్యనా?" అంది.

"వద్దండి. తన పుట్టినరోజు ఏడునే అని ఆవిడే అనుకుంది."

"రిజిస్టరు?"

"రిజిస్టరు పుట్టలేదు కదండి."

కామా గారు నా వైపు చూసింది. నేను పైకే అన్నానని అప్పుడు తెలిసింది. చెవులు వేడెక్కాయి.

"ఉండనీ," అంది ఆవిడ. "అడుగున చిన్న అక్షరాల్లో పదిహేడు సంగతి కూడా వెయ్యి. ఏదీ దాచొద్దు."

వేశాను.

అక్టోబరు 22

డాక్టరమ్మ అంతా బాగుందంది. అక్క ఆ మాట నాచేత మూడుసార్లు చెప్పించుకుంది.

అక్టోబరు 28

నిన్న.

పొద్దున ఎనిమిదికి నేను పాలకి బయల్దేరుతున్నాను, ఒక కాలికి చెప్పు వేసుకున్నాను. అక్క "ఏమే" అంది. మామూలుగానే అంది. చూస్తే పక్క తడిసిపోయి ఉంది. పదకొండు రోజులు ముందుగా. అమ్మ బ్యాగు కోసం వెతుకుతూ బ్యాగు చేత్తో పట్టుకునే ఇల్లంతా తిరిగింది. బావ ఆటో తెచ్చాడు, దారంతా డ్రైవరుకి గుంటలు చూపిస్తూనే ఉన్నాడు.

లోపలికి ఒక్కరే అన్నారు. నర్సు "ఎవరు?" అని అడిగింది. బావ నా వైపు చూశాడు. అమ్మ నేల వైపు చూసింది.

"నేనండి," అన్నాను. వినపడలేదు. మళ్ళీ అన్నాను.

ఎంతసేపు పట్టిందో తెలియదు. అక్క నా మణికట్టు పట్టుకుంది. ఇవాళ్టికీ నాలుగు వేళ్ళ గుర్తులున్నాయి. నన్ను తిట్టింది, బావని తిట్టింది, డాక్టరమ్మని కూడా ఏదో అంది. డాక్టరమ్మ "అనండమ్మా, అనండి, బిల్లులో వెయ్యంలెండి" అంది.

బిడ్డ వచ్చింది. ఏడవలేదు.

తీసుకెళ్ళి గోడ పక్క బల్ల మీద పెట్టారు. ముగ్గురు చుట్టూ నిలబడ్డారు. అక్క పడుకున్న చోటికి వాళ్ళ వీపులే కనపడతాయి.

"ఏం చేస్తున్నారు? ఏమే, ఏం చేస్తున్నారు? చెప్పు."

నాకు తలుపు కనపడుతోంది. ఆ తలుపు దగ్గరగానే ఉంది. అక్క చెయ్యి నా మణికట్టు మీద లేదు అప్పుడు. వదిలేసింది.

నేను బల్ల వైపు రెండు అడుగులు వేసి, చూసి, పైకి చెప్పడం మొదలుపెట్టాను. పాప. గుడ్డతో తుడుస్తున్నారు. వీపు మీద రుద్దుతున్నారు. రంగు నీలంగా ఉంది. పెదాలు ఇంకా నీలంగా ఉన్నాయి. సన్న గొట్టం నోట్లో పెట్టి తీశారు. చేతులు వేలాడుతున్నాయి. జుట్టు చాలా ఉంది, తడిగా, నల్లగా. ఎడమ చెవి పై అంచు లోపలికి మడత పడి ఉంది. కుడిది బాగుంది. మొహం మీద చిన్న మాస్కు పెట్టారు. నొక్కుతున్నారు. ఛాతీ లేచింది. వాళ్ళు నొక్కితేనే లేస్తోంది. మళ్ళీ నొక్కారు. అరికాళ్ళు ముడతలుగా ఉన్నాయి. కాలి మీద తడుతున్నారు. ఇంకా ఏడవలేదు. అక్కా, ఇంకా ఏడవలేదు. ఒక కాలు ముడుచుకుంది. ఎవరూ పట్టుకోలేదు దాన్ని, తనే ముడుచుకుంది.

అక్కడ ఉన్నవాళ్ళు ఎవరూ నన్ను ఆపమనలేదు. నా గొంతు అంత గట్టిగా ఉంటుందని నాకు తెలియదు.

అప్పుడు ఏడ్చింది. బయట వరండాలోకి వినపడిందట, బావ లేచి తలుపు దాకా వచ్చేశాడట.

నర్సు పాపని తీసుకొచ్చి అక్క గుండెల మీద పెట్టింది. అక్క ముందు ఎడమ చెవి చూసింది. వేలితో మడత తీసింది. మళ్ళీ మడత పడింది.

ఇవాళ మధ్యాహ్నం తట్టింది, అక్టోబరు 27 మైట్నర్ పోయిన రోజని. తొంభై నిండడానికి పదకొండు రోజులు తక్కువ. అక్టోబరు నాది కాదు, కామా గారిది. ఆవిడ సరిగ్గానే వేసి ఉంటుంది.

అక్టోబరు 30

పాపని ఒకరోజు గాజు పెట్టెలో ఉంచి ఇచ్చేశారు. రెండు కిలోల ఏడు వందలు. బావ ఇప్పుడు కొలత తీసుకున్నాడు. మూడుసార్లు తీస్తే మూడు అంకెలు వచ్చాయి.

"ఏదో ఒకటి వేసుకో, పెరుగుతుందిలే," అంది అక్క.

నవంబరు 3

అక్క ఏడ్చింది. మొదటి బాబు కోసం. పాప పాలు తాగుతుండగానే ఏడ్చింది. వాడి జుట్టు ఎలా ఉండేదో చెప్పమన్నాను. పల్చగా, గోధుమరంగులో ఉండేదంది. ముక్కు బావదేనట. నేను వింటూ కూచున్నాను. తనకి గుర్తున్నదంతా చెప్పింది. చెవుల సంగతి వచ్చేసరికి ఆగిపోయింది. ఇద్దరం ఆగిపోయాం.

నవంబరు 7

ఇవాళ ఏమీ జరగలేదు.

పొద్దున పాప పాలు తాగి, సగం నా భుజం మీద కక్కి, పడుకుంది. అమ్మ బజారుకి వెళ్ళింది. అక్క "ఒక్క ఐదు నిమిషాలు చూడవే" అని పక్కకి తిరిగి అలాగే నిద్రపోయింది. పాపని ఒళ్ళో పెట్టుకుని కిటికీ దగ్గర కూచున్నాను. ఎదురింటి వాళ్ళు దుప్పట్లు ఆరేసి, తీసేశారు. పాపకి వెక్కిళ్ళు వచ్చి తగ్గాయి. ఒకసారి కళ్ళు తెరిచి నా గడ్డం వైపు చూసింది. నచ్చలేదు, మూసుకుంది.

అక్క లేచి, జుట్టు ముడి వేసుకుంటూ, "ఎంతసేపు పడుకున్నానే?" అంది.

చూసుకోలేదన్నాను.